రంగులకు ముడులు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం పులివెందుల నుంచి నా కూతురు వచ్చింది. వెంట కొడుకును తీసుకొచ్చింది. మామూలుగా అయితే ఆటో దిగకముందే "నాయనా, ఏం చేస్తాండావు?" అని వీధంతా వినపడేటట్టు కేకేసే మనిషి, ఆ రోజు గొంతెత్తలేదు. చెప్పులు విడిచి నేరుగా నా కుర్చీ దగ్గరికి వచ్చి, సంచిలో నుంచి ఒక కాగితం తీసి నా ఒళ్లో పెట్టింది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. విమానం నడపడానికి ఆరోగ్యరీత్యా అనర్హుడు, కారణం రంగులు గుర్తించే చూపులో లోపం. నా మనవడు రెండేండ్లుగా బెంగళూరులో గది తీసుకుని పైలట్ల పరీక్షలకు చదివాడు. వాతావరణం, దిక్కులు, ఇంజను, ఆకాశంలో పాటించాల్సిన చట్టాలు, ఒక్కో పేపరు గట్టెక్కుతూ వచ్చాడు. మెడికల్ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అని శిక్షణలో చేర్చుకున్నవాళ్లు అన్నారట. అందరికంటే ముందు చేయించాల్సిన పరీక్షను అందరికంటే చివర చేయించారు.

"నాయనా, ఇది తల్లి నుంచి వస్తాదంట. తల్లికి వాళ్ల నాయన నుంచి వస్తాదంట. డాక్టరు బొమ్మ గీసి మరీ చూపించినాడు. నీకుండాదా?" అంది అమ్మాయి.

"ఉండాది."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుట్నుంచి?"

చిన్నప్పటి నుంచి అన్నాను. ఇది కూతుళ్ల కొడుకులకు వస్తుందని మాత్రం పద్దెనిమిదేండ్లప్పుడు తెలిసిందని కూడా చెప్పాను. ఆమె నిలబడిన చోటనే నేల మీద కూర్చుంది. మనవడు గడప దగ్గర నిలబడి, సెల్‌ఫోన్ తెరవకుండానే దాన్ని చూస్తున్నాడు. ఆ పూట నా కూతురికి నేను ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతిని ఇక్కడ సక్రమంగా రాస్తున్నాను. రాయడం ఒకటే నాకు వచ్చు.

నా కథలు చదివినవాళ్లు మొదట ఒక మాట వినాలి. పెన్నా ఒడ్డున పొద్దు కుంకడం గురించి నేను రాసిన పేజీలు చదివి, రంగులు కండ్లకు కట్టించారని ఒకాయన ఉత్తరం రాశాడు. అయ్యా, ఆ రంగులు నేను చూడలేదు. ఆ వేళ ఆకాశం ఎర్రగా ఉంటుందని నలుగురూ అనుకుంటే విని రాశాను. నీలం నాకు తెలుసు, పసుపు తెలుసు. ఎరుపు, ఆకుపచ్చ, వక్కపొడి రంగు మాత్రం మూడూ ఒకే మురికి రంగుగా కనపడతాయి. ఎర్రమట్టి, పచ్చని పైరు అని నా కథల్లో ఎక్కడ ఉన్నా అది నేను ఎవరినో అడిగి తెచ్చుకున్న మాటే. యాభై ఏండ్లు ఆ దొంగతనం దొరక్కుండా బతికాను, సిగ్గు లేకుండా సన్మానాలు కూడా చేయించుకున్నాను.

మా నాయన బడిపంతులు. ఏడాదికో ఊరికి బదిలీ. ఒక ఏడు కొండాపురం తట్టు, ఒక ఏడు చాపాడు తట్టు. నా చదువు చెడిపోతుందని అమ్మనూ నన్నూ జమ్మలమడుగులో అమ్మ పుట్టింట్లో పెట్టాడు, తాను శనివారం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున పోయేవాడు. తాతకు బజారు వీధిలో చీరల అంగడి. ఆ ఇంట్లో గడప దాటగానే కొత్త బట్టకు పెట్టిన గంజి వాసన, దాని మీద సాంబ్రాణి వాసన, ఆ రెండింటి వెనక వంటింట్లో నుంచి శెనిగ్గింజలు వేయించే వాసన వచ్చేవి. తాత తెల్లారకముందే లేచి, చన్నీళ్లు పోసుకుని, విభూతి పెట్టుకుని, అవ్వ ఇచ్చిన కాఫీని నిలబడే తాగేవాడు. కూర్చుని తాగితే అంగడి కూడా కూర్చుంటుందని ఆయన భయం. పగలంతా వక్కాకు నములుతూ ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్లు ఇంకో మాట అనడానికి చోటుండేది కాదు.

మగ్గాల వాళ్లు చీరల మూటలు తెస్తే తాత వాటిని నేరుగా అంగట్లోకి రానిచ్చేవాడు కాదు. కొత్త సరుకు ముందు ఇంటికి పోవాలి, ఒక పూట దేవుని ముందు ఉండాలి, ఆ తర్వాతే అంగడికి. అది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. "ఏం భక్తప్పా శెట్టిది! దేవుడు చూడంది ఒక్క గుడ్డ కూడా అమ్మడు" అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. మూట ఇంటికొచ్చాక జరిగేది వేరే. అవ్వ తలుపు గడియ పెట్టి, నడిమింట్లో పైకప్పు లేని చోట మిట్టమధ్యాహ్నపు ఎండలో చాప పరిచి మూట విప్పేది. రంగు ఎండలోనే నిజం చెబుతుందని ఆమె నమ్మకం. చీర చివర మగ్గం మీద నుంచి తెంచిన దారాలు వదులుగా వేలాడుతుంటాయి కదా, వాటికి ముడులు వేసేది. ఎరుపుకు ఒక ముడి. ఆకుపచ్చకు రెండు. వక్కపొడి రంగుకు మూడు. నీలానికీ పసుపుకూ ముడి లేదు. ఒడిలో పసుపు గుడ్డ పరుచుకుని, పెదవులు కదిలిస్తూ, మూట మూటంతా ముడులేసి, చివరకు దేవుని ముందు పెట్టి కర్పూరం వెలిగించేది. తాత ఆ పూట నడిమింట్లోకి వచ్చేవాడు కాదు.

అంగట్లో నేను ఆయన పక్కన బోర్లించిన పెట్టె మీద కూర్చునేవాణ్ణి. "శెట్టీ, ఆకుపచ్చది తియ్యి" అని ఎవరైనా అడిగితే, తాత వాళ్ల ముఖంలోకి చూస్తూ కుశలం అడుగుతూనే వెనక్కి చెయ్యి చాపేవాడు. వేళ్లు మడతల అంచుల మీదుగా దారాలు తడుముకుంటూ పోయి ఒక చోట ఆగేవి. తీసి పరిస్తే ఆకుపచ్చే. చూడకుండానే తీస్తాడని జనం నోరెళ్లబెట్టేవాళ్లు. నాకు అందులో వింతేమీ కనపడలేదు. రంగంటే దారం కొసన ఉండేదనీ, అందరూ అట్లనే తడిమి తెలుసుకుంటారనీ అనుకున్నాను. బళ్లో అయ్యవారు పువ్వు చూపించి ఇదేం రంగురా అంటే, ముడి ఎక్కడుందా అని కాడ పట్టుకుని వెతికాను. పిల్లకాయలంతా నవ్వారు, నేనూ వాళ్లతో పాటు నవ్వాను.

ఆరేండ్లప్పుడో ఏడేండ్లప్పుడో అమ్మ పెరట్లోకి పంపించి పండుమిరపకాయలు కోసుకురమ్మంది. చేటెడు కోసుకొచ్చాను. పచ్చివీ పండువీ అన్నీ కలిసి ఉన్నాయట. అమ్మ చేట చూసింది, నన్ను చూసింది, తర్వాత అవ్వను పిలిచింది. అవ్వ ఒక కాయ తీసి నా ముందు పెట్టి, ఇంకో కాయ దాని పక్కన పెట్టి, "ఈ రెండిట్లో పండింది యాదిరా?" అంది. రెండూ నొక్కి చూశాను. మెత్తగా ఉన్నది చూపిద్దామనుకుంటే రెండూ గట్టిగానే ఉన్నాయి. అవ్వ చేట కింద పెట్టేసి అమ్మతో అంది, "మీ నాయనదే వచ్చిందే వీనికి." అమ్మ అక్కడికక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేదో పెద్ద రోగం వచ్చిందనుకుని నేనూ ఏడ్చాను. తర్వాత అమ్మ నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుని, "ఈ మాట యాడా చెప్పగాకు. నా మీద ఒట్టు. ఎవురన్నా రంగు అడిగితే, నువ్వు చెప్పగాకు, వాళ్లనే చెప్పనీ" అంది. ఎందుకమ్మా అంటే, "మీ పిన్నమ్మలిద్దురు పెండ్లికుండారు. రంగులు తెలీని శెట్టి అంటే అంగడి మూసుకోవల్ల. ఇది రక్తంలో వస్తాదంటే ఆడపిల్లోళ్లను ఎవురు చేసుకుంటారు?" అంది. ఆ వయసుకు అది సగమే అర్థమైంది. నోరు మూసుకోవాలన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది.

విమానం పిచ్చి పట్టుకుంది మైలవరం తట్టున. వేరుసెనగ చేలకు పురుగు పడి, పై నుంచి మందు చల్లడానికి ఒక చిన్న విమానాన్ని తెప్పించారు. చేలు పోగా మిగిలిన బీడు చదును చేసి దాన్ని అక్కడ దింపేవాళ్లు. జమ్మలమడుగు సగం ఖాళీ అయి అక్కడికే పోయింది. నాయన నన్ను సైకిలు మీద తీసుకుపోయాడు. పైలటు అరవాయన, చెమటకు తడిసిన చొక్కా, చేతిలో మజ్జిగ చెంబు. నా కండ్లలో ఏం చూశాడో, నన్ను ఎత్తి తన సీట్లో కూర్చోబెట్టాడు. ఎదురుగా ముండ్లు తిరిగే గడియారాలు, రెండు చిన్న దీపాలు. ఏ దీపం వెలుగుతోందని వచ్చీరాని తెలుగులో అడిగాడు. కింద ఉండేది అన్నాను. గట్టి పిల్లోడివే అని వీపు తట్టాడు. ఆ తట్టడంతో నా బతుకు దారి ఖాయమైపోయిందనుకున్నాను. నన్ను దింపాక విమానం లేచి పెన్నా మీదుగా వంగి తిరుగుతుంటే, దాని నీడ వెంట బీడంతా పరుగెత్తాను. ఇంటికొచ్చి విమానం నడుపుతానంటే తాత వక్కాకు ఉమ్మి, "నడుపు. ఎవురు వద్దన్నారు?" అన్నాడు. ఎందుకు వద్దనాలో ఆ ఇంట్లో ముగ్గురికి తెలుసు. ఒక్కరూ అనలేదు.

పద్దెనిమిది నిండాక హైదరాబాదుకు పిలుపు వచ్చింది. విమానం నేర్పే చోట సీటుకు రాసిన పరీక్షలో గట్టెక్కాను, మిగిలింది డాక్టరు పరీక్ష. రంగుల కోసం చుక్కల బొమ్మలుండే పుస్తకం చూపిస్తారనీ, చుక్కల్లో దాగి ఉన్న అంకె చదవాలనీ తెలుసుకుని, తాత కడపలో తెలిసిన కంటి డాక్టరు దగ్గర అట్లాంటి పుస్తకాన్ని వారం రోజులకు అడిగి తెచ్చాడు. ఇంట్లో ఎవరూ అప్పుడు కూడా నన్ను ఆపలేదు. చీరలకు ముడులేసి అంగడి నడిపిన ఇల్లు కదా, కంటికి లేనిది నేర్చుకుంటే వస్తుందని వాళ్ల నమ్మకం. అమ్మ పేజీ తిప్పేది, నేను చెప్పేవాణ్ణి. మొదటి పేజీ పన్నెండు, రెండోది ఎనిమిది, మూడోది ఆరు, నాలుగోది ఇరవై తొమ్మిది. ఎక్కాలు అప్పజెప్పినట్టు చివరిదాకా అప్పజెప్పాను. అవ్వ దోసెలు పోస్తూ వంటింట్లో నుంచే, "తప్పిందిరా, మళ్లా చెప్పు" అనేది. ఆమెకు కూడా వచ్చేసింది.

హైదరాబాదుకు తాతే వెంట వచ్చాడు. డాక్టరు కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. పుస్తకం తీశాడు. మొదటి పేజీ తెరిచాడు. పన్నెండు అన్నాను. ఆ తర్వాత ఆయన ఐదారు పేజీలు ఒకేసారి తిప్పి మధ్యలో ఎక్కడో ఆగాడు. నేను ఎనిమిది అన్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూసి, పేజీలు వెనక్కి తిప్పాడు. ఆరు అన్నాను. మళ్లీ తిప్పాడు. ఇరవై తొమ్మిది అన్నాను. నా నోరు ఆగడం లేదు. "బాబూ, ఈ పేజీలో అసలు అంకే లేదు" అన్నాడు ఆయన. తర్వాత చీకటి గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టారు. దూరంగా ఒక లాంతరు, అందులో గుండుసూది తలంత రెండు దీపాలు వెలుగుతాయి, ఆరిపోతాయి, ప్రతిసారీ రంగు చెప్పాలి. ఎరుపా, ఆకుపచ్చా, తెలుపా. చెయ్యి చాపి తడమడానికి అక్కడేమీ లేదు. నోటికొచ్చింది చెప్పాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక కాగితం మీద విమానం గీసి, ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ దీపం ఉంటాయనీ, చీకట్లో ఎదురయ్యే విమానం మన మీదికి వస్తోందో, దూరంగా పోతోందో పైలటు ఆ రెండు దీపాలు చూసే తెలుసుకుంటాడనీ చెప్పాడు. "నీ వెనక వందమంది కూర్చుని ఉంటారు కదా" అన్నాడు. ఆ నియమం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. తర్వాత తాతను లోపలికి పిలిపించి అడిగాడు, "మీ అమ్మాయి తరఫున ఎవరికైనా ఉందాండీ? మీకేమన్నా?"

తాత కండువా సర్దుకుని, రెప్ప కూడా కొట్టకుండా, "మా వంశంలో ఎవురికీ లేదు సార్. వీనికి యాడిదొచ్చిందో ఏమో" అన్నాడు.

నా పక్కన నిలబడి అన్నాడు. నేను ఆయన వేళ్ల వైపు చూశాను. ఆ డాక్టరుకు నిజం తెలిసిందో లేదో గాని, తాతను బయటికి పంపి నాకొక్కడికే ఒక మాట చెప్పాడు. నీ కొడుకులకు ఇది రాదు. కూతుళ్లకు రాదు, కాని వాళ్లలో దాగి ఉంటుంది. వాళ్ల కొడుకుల్లో సగానికి సగం బయటపడొచ్చు. గుర్తు పెట్టుకో, వాళ్లకు చిన్నప్పుడే చెప్పు, నీ మాదిరి ఇంతదూరం రానివ్వకు అన్నాడు. తిరుగు బస్సులో నేను తాతకు వెనక సీట్లో కూర్చున్నాను. కర్నూలు దాటాక ఆయనే వెనక్కి తిరిగి అన్నాడు, "నాకుండాదని చెప్పింటే నిన్ను తీసుకునింటాడా? తీసుకోడు గదా. చెప్పి ఏం లాభం? మీ చిన్న పిన్నమ్మకు ఇంగా పెండ్లి కావల్ల." ఆ మనిషి మీద ఆ రోజు పుట్టిన కోపం ఆయన పోయిన రోజున కూడా తగ్గలేదు. పాడె మోశాను, కాని ఏడవలేదు.

తాతకు అంగడి ఉంది, పెండ్లి కావాల్సిన కూతురు ఉంది, నోరు జారితే వీధిన పడతానన్న భయం ఉంది. మరి నాకేముంది? ప్రొద్దుటూరు కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం. తెల్ల కాగితం, నల్ల సిరా, పోయే గిరాకీ ఏదీ లేదు. సెల్‌ఫోనులో అడిగితే రంగుల లోపం గురించి చిన్నపిల్లకు కూడా అర్థమయ్యేటట్టు చెప్పే కాలం ఇది. అయినా నేను నోరు మూసుకునే ఉన్నాను. కూతురి పెండ్లప్పుడు చెప్దామనుకున్నాను. సంబంధం మంచిది, తప్పిపోతుందేమోనని ఊరుకున్నాను. మనవడు పుట్టాక చెప్దామనుకున్నాను. అల్లుడి ముందు ఎట్లా అని ఊరుకున్నాను. వాడు ఆరో తరగతిలో సెలవులకు వచ్చి రంగు పెన్సిళ్లతో బొమ్మ వేస్తుంటే, ఇదేం రంగు నాయనా అని అడిగాను. వాడు జవాబు చెప్పే ముందు పక్కన కూర్చున్న వాళ్లక్క ముఖంలోకి చూశాడు. అక్క పెదవులు ఆకుపచ్చ అని కదిలితే ఆకుపచ్చ అన్నాడు. ఆ చూపు నాది. ఆ దొంగ చూపు నాకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? ఆ పూటే చెప్పి ఉండాల్సింది. లేచి పోయి పేపరు చదువుకున్నాను.

తర్వాత వాడు పైలట్‌నవుతా తాతా అంటే మంచిది నాయనా అన్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. వాడు గట్టెక్కుతాడేమో, పుస్తకం మారిందేమో, పరీక్ష మారిందేమో, నాకు కానిది వానికి అవుతుందేమో అన్న పాడు ఆశ నాకుండేది. వాడు ఎక్కితే నేనూ ఎక్కినట్టేనని లోపల ఒక పిల్లోడు గంతులేశాడు. నా ముచ్చట తీర్చుకోవడానికి వాడి రెండేండ్లు తగలేశాను. ఆరో తరగతిలో తెలిసి ఉంటే వాడు ఇంకేదైనా కోరుకుని ఉండేవాడు. కోరుకోవడానికి ఎన్ని లేవు?

ఇదంతా నేను చెప్పడం అయిపోయేసరికి పొద్దు వాలింది. అమ్మాయి కండ్లు తుడుచుకుంది. నన్ను తిట్టింది, తిట్టాల్సినంతా తిట్టింది. "మా అత్తగారోళ్లు నా బిడ్డను గుడ్డోడు అంటాండారు నాయనా" అని మళ్లీ ఏడ్చింది. నేను కాళ్లు పట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, గొంతు తగ్గించి నా మనవరాలి సంగతి ఎత్తింది, "సరే, అయిపోయింది. పాపకు నంద్యాల సంబంధం చూస్తాండాం. వచ్చే వారం వాళ్లొస్తాండారు. ఆమెకు కూడా ఇది దాగి ఉండొచ్చంట గదా. ఈ మాట యాడా అనగాకు నాయనా. నా మీద ఒట్టు."

ఒట్టు కోసం చెయ్యి చాపింది. నలభై ఆరేండ్ల నా కూతురు, కాలేజీలో చదువుకున్నది, ఇప్పటిదాకా నన్ను నిలదీసింది. నేను నా రెండు చేతులూ ఒళ్లోకి తీసుకున్నాను. గడప దగ్గర మనవడు మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు.

"ఒట్టు పెట్టనమ్మా" అన్నాను. "పాపకు నేనే చెప్తా. నంద్యాలోళ్లు అడిగితే వాళ్లకూ చెప్తా."

"మా బతుకు ఇట్ల చేసింది చాలక దాని పెండ్లి గూడా చెడగొడతావా?" అంటూ లేచింది. నీళ్లు తాగమంటే తాగలేదు. పులివెందుల బస్సు ఉందని సంచి తీసుకుని నడిచింది. మనవడు చెప్పులేసుకుని ఆమె వెనకే పోతూ, గేటు దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను, ముసలివాణ్ణి కదా, అంతమాత్రం ఆశపడ్డాను.

"ఇప్పుడు చెప్తాండావు తాతా, అక్కకు" అన్నాడు. "నేను ఆరో తరగతిలో ఉన్నెప్పుడు నాకెందుకు చెప్పల్యా?"

వాడు జవాబు కోసం నిజంగానే నిలబడ్డాడు. రోడ్డు మీద నుంచి వాళ్లమ్మ పిలిచేదాకా నిలబడి, వెళ్లిపోయాడు.